కొండదారిలో సైకిలు పందెము

నెల్లూరు సీమలో పెన్నానదికి ఉత్తరపు టొడ్డున, సముద్రమునకు చేరువగా విడవలూరు అను గ్రామమున్నది. ఆ ఊర పుట్టి పెరిగినవారికి కొండ యనగా కథలలో విన్నదే గాని కాలితో తొక్కినది కాదు. తూర్పున రామతీర్థము, దాని ముందర సముద్రము, దక్షిణమున పెన్న, నడుమ కాలువలు, వరిమళ్లు, ఇప్పుడు వానిని ఆనుకొని రొయ్యల చెరువులు. కాలువకట్ట యెక్కుటయే మా చిన్నతనమున ఎత్తైన చోటి కెక్కుట. అట్టి ఊరివారము కొండదారి సైకిలు పందెములను గూర్చి మాటలాడబూనుట వింతగా తోపవచ్చును. కాని మేమును ఒకప్పుడు అట్టి పందెమున పాల్గొంటిమి. ఆ యనుభవమును, దాని వెనుకనున్న చరిత్రను కలిపి శ్రోతలకు విన్నవింపవలెనని మా సంకల్పము. అందు మేము చాలకాలము దాచిన మాట యొకటి కలదు. అదియు చెప్పెదము.

మా ఊరి సైకిలువానికి కొండ లేకపోయినను గాలి యున్నది. విడవలూరునుండి నెల్లూరు సుమారు 20 కిలోమీటర్లు. ఉదయము పోవునపుడు దారి హాయిగానే యుండును. పని ముగించుకొని మధ్యాహ్నము తిరుగుముఖము పట్టగానే సముద్రపుగాలి యెదురు వచ్చును. హ్యాండిలుపై వంగి, తల దించి, పెడలు మీద ఒళ్లంతయు మోపి తొక్కినను సైకిలు అడుగడుగునకు వెనుకకు లాగినట్లే యుండును. కోవూరు దాటినది మొదలు ఇల్లు చేరువరకు ఆ గాలితో పెనుగులాట తప్పదు. మేము సైకిలు నేర్చినది అద్దెసైకిలు మీదనే. సీటు అందని వయస్సున కడ్డీక్రింద కాలు దూర్చి, ఒక ప్రక్కకు ఒరిగి, సగము సగము తొక్కుచు నేర్చితిమి. మోకాలి చిప్పమీది మచ్చలు నేటికిని ఆ చదువునకు సాక్ష్యము చెప్పును.

మా ప్రాంతమునకు సైకిలుతో వేరొక సంబంధము గూడ కలదు. విడవలూరు మండలములోని అలగానిపాడు పుచ్చలపల్లి సుందరయ్యగారి జన్మస్థలము. ఆయన 1913 మే 1న జన్మించిరి. 1952లో రాజ్యసభ సభ్యులై ఢిల్లీకి పోయినపుడు పార్లమెంటు భవనమునకు సైకిలుమీద వచ్చుచుండిరి. తరువాత హైదరాబాదులో శాసనసభకును అట్లే పోవుచుండిరి. మోటారుకార్లు వరుసగా నిలిచిన చోట ఒక సభ్యుడు సైకిలుకు స్టాండు వేసి లోనికి నడచిపోవుట నాడు దేశమంతట చెప్పుకొన్న విషయము. ఆయన రాజకీయములతో ఏకీభవింపనివారు సైతము ఆ సైకిలును గౌరవముతోనే తలచుకొందురు. ఏలయన సైకిలు అప్పటికి ఈ దేశమున పాలవాని బండి, టపావాని బండి, బడిపంతులు బండి. దానిని ఎక్కుట యనగా వారి వరుసలో నిలుచుటయే. పందెముల చరిత్ర చెప్పబోవుచు ఈ మాట యెత్తుటకు కారణము ముందు తేటపడగలదు.

సైకిలు పుట్టుక యైరోపాలో. 1817లో జర్మనీదేశపు మాన్‌హైమ్ నగరమున కార్ల్ డ్రాయిస్ అను నతడు రెండు కొయ్యచక్రములను ఒకదాని వెనుక నొకటి అమర్చి, నేలను కాళ్లతో తన్నుచు పోవు బండిని చేసెను. దానికి పెడళ్లు లేవు. 1860 ప్రాంతముల పారిసులో ముందుచక్రమునకు పెడళ్లు బిగించిరి. పిమ్మట ముందుచక్రమును మనిషియెత్తు పెంచి, వెనుకచక్రమును చిన్నది చేసిన బండ్లు వచ్చినవి. వానిమీదినుండి పడినవాడు తలక్రిందులుగా పడవలసినదే. 1885లో ఇంగ్లండునందు జాన్ కెంప్ స్టార్లీ ఇంచుమించు సమానమైన రెండు చక్రములతో, వెనుకచక్రమునకు చైను కలిపి, రోవర్ అను సైకిలును నిర్మించెను. నేడు మనము తొక్కు సైకిలుకు అదియే మూలరూపము. 1888లో డన్‌లప్ సైకిలుకు తగిన గాలిటైరును చేసెను. ఈ రెండును కలిసినంతట సైకిలు ధనికుల వినోదమునుండి జనుల వాహనముగా మారినది.

మన దేశమునకు చాలకాలము సైకిళ్లు ఇంగ్లండునుండియే వచ్చెడివి. రాలీ, హెర్క్యులిస్, బి.ఎస్.ఏ. అను పేర్లు మన పల్లెలలో సైతము ఇంటిపేర్లవలె పలికెడివారు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1949లో మద్రాసున టి.ఐ. సైకిల్స్ సంస్థ, 1956లో లూధియానాలో హీరో సైకిల్స్ సంస్థ వెలసినవి. మేము పందెమునకు తీసికొనిపోయిన సైకిలు అట్టి దేశవాళీ బండియే. దాని బరువు 20 కిలోలకు కొంచెము తక్కువ. పాలడబ్బాలకును, ధాన్యపు బస్తాకును తగిన బండి అది. పందెములకని ఎవరును చేసినది కాదు.

సైకిలుతోబాటే పందెమును పుట్టినది. 1869లో పారిసునుండి రువాఁ నగరమువరకు 123 కిలోమీటర్ల పందెము జరిగినది. జేమ్స్ మూర్ అను నాంగ్లేయుడు పదిన్నర గంటలకు పైగా తొక్కి గెలిచెను. నేటి లెక్కకు అది మిక్కిలి మెల్లని వేగము. 1896లో ఏథెన్సు నగరమున జరిగిన మొదటి ఆధునిక ఒలింపిక్సులో మారథాను గ్రామమువరకు పోయి మరలివచ్చు సైకిలు పందెమొకటి పెట్టిరి. దానిని గ్రీకుదేశీయుడు కోన్‌స్తాంతినిదిస్ గెలిచెను. 1903లో ఆన్రి దెగ్రాంజ్ అను పత్రికాసంపాదకుడు తన పత్రిక అమ్మకము పెంచుకొనుటకై ఫ్రాన్సుదేశమును చుట్టివచ్చు పందెమును నెలకొల్పెను. ఆ యేడు ఆరు విడతలు, మొత్తము 2428 కిలోమీటర్లు. మోరిస్ గారాం గెలిచెను. ఇతడు బాల్యమున పొగగొట్టములు శుభ్రముచేసి జీవించినవాడు.

నిర్వాహకులు క్రమముగా కొండలవైపు చూపు సారించిరి. 1905లో తూర్పు ఫ్రాన్సునందలి బాలోఁ దాల్సాస్ అను కొండను పందెములో చేర్చిరి. రెనె పోతియె దానిని అందరికంటె ముందు ఎక్కెను. 1910లో పిరెనీసు పర్వతములమీదికి పోవలెనని సంకల్పించిరి. అచ్చటి కనుమలలో తూర్మలె అనునది 2115 మీటర్ల యెత్తు. ఆ దారి సైకిలుకు పనికివచ్చునా యని చూచివచ్చుటకు అల్ఫోన్స్ స్టెయినెస్ అను నతనిని పంపిరి. అతని మోటారు మంచులో చిక్కుకొన్నది. అతడు చీకటిలో కాలినడకన పోయి దారి తప్పి, ప్రాణములతో బయటపడుటయే గొప్ప యైనది. అయినను మరునాడు పారిసునకు తంతి యిచ్చుచు, తూర్మలె దాటితిననియు, దారి చక్కగా నున్నదనియు తెలిపెను. ఆ తంతిని నమ్మి పందెమును నిశ్చయించిరి.

1910 జూలై 21వ తేదీ తెల్లవారకముందే పందెగాండ్రు లూషోఁ అను నూరినుండి బయలుదేరిరి. ఆ యొక్క దినమున పోవలసిన దూరము 326 కిలోమీటర్లు. నడుమ పేరిసూర్ద్, ఆస్పాఁ, తూర్మలె, ఒబిస్క్ అను పెద్ద కనుమలు. అవి మెకాదము వేసిన రహదారులు కావు. గొర్రెలకాపరులు, బండ్లవారు పోవు మట్టిదారులు. తూర్మలె శిఖరమును ముందుగా చేరినవాడు ఒక్తావ్ లపీజ్. కాని యతడు ఆ యెక్కుడులో కొంతదూరము సైకిలునుండి దిగి, దానిని త్రోసికొనుచు నడచెను. వెనుక వచ్చిన గుస్తావ్ గారిగూ మాత్రము ఒక్క చోటను దిగక తూర్మలె నెక్కినాడు. అందులకాతనికి 100 ఫ్రాంకుల ప్రత్యేక బహుమాన మిచ్చిరి. ఒబిస్క్ కనుమవద్ద లపీజ్ నిర్వాహకులను చూచి హంతకులని నిందించెనని ప్రసిద్ధి. ఆనాటి విడతను, ఆ యేటి పందెమును గెలిచినవాడు నడచిన లపీజే. నడవని గారిగూ కాదు. లపీజ్ 1917లో మొదటి ప్రపంచయుద్ధమున విమానచోదకుడై మరణించెను.

మూడేండ్లకు, 1913లో, అదే తూర్మలెపై యూజీన్ క్రిస్తోఫ్ అను నతనికి వచ్చిన కష్టము మరువరానిది. కొండ దిగునపుడు అతని సైకిలు ముందరి ఫోర్కు విరిగినది. నాటి నిబంధన ప్రకారము మరమ్మతు ఎవరిది వారే చేసికొనవలెను. అతడు సైకిలును భుజమున వేసికొని పది కిలోమీటర్లకు పైగా నడచి, కొండక్రింది పల్లెలోని కమ్మరికొలిమిని చేరెను. కమ్మరి ప్రక్కన నిలిచి చెప్పుచుండగా, ఇనుమును కాల్చి, తానే సమ్మెట పట్టి ఫోర్కును అతికెను. పందెపు అధికారులు కన్నార్పక చూచుచుండిరి. రెండు చేతులు చాలక, కొలిమి తిత్తిని ఊదుటకు ఒక బాలుని సాయము తీసికొనెను. అందులకు అధికారులు అతనికి దండన విధించిరి. సుమారు నాలుగు గంటల కాలము పోగొట్టుకొని అతడు మరల బయలుదేరి ఆ విడతను ముగించెను. కొలిమివద్ద తిత్తి యూదిన పిల్లవానిని తలచుకొన్నప్పుడెల్ల మాకు మన పల్లెల సైకిలుషాపులలో పంపు కొట్టు పిల్లలు కనుల ముందు నిలుతురు.

ఇక అమెచ్యూరు అను మాటకు వత్తుము. డబ్బుకొరకు గాక ఇష్టముకొరకు ఆడువాడు అమెచ్యూరు అని మనకు చెప్పిరి. వినుటకు ఇది గొప్ప యాదర్శమే. కాని దాని చరిత్ర అంత నిర్మలమైనది కాదు. టేమ్సునదిపై హెన్లీయందు జరుగు పడవపందెములవారు 1879లో చేసిన నిబంధన ప్రకారము, కూలికి చేతిపని చేయువాడు, యంత్రపుపనివాడు, శ్రామికుడు అమెచ్యూరు కాజాలడు. వాడు ఆటకు డబ్బు పుచ్చుకొనకున్నను సరే. దినమంతయు కండలతో పనిచేయువాడు ధనికుల బిడ్డలను ఓడించునేమో యను భయమే ఆ నిబంధనకు మూలము. ఇంగ్లండునందలి పరుగుపందెముల సంఘము 1880లో ఇట్టి నిషేధమును విడిచినది. ఇతర క్రీడలు మెల్లమెల్లగా విడిచినవి. ఒలింపిక్సులో సైకిలుపందెములు 1992 వరకు అమెచ్యూర్లకే పరిమితమై యుండెను. 1996లో అట్లాంటా నగరమున ఆ తలుపులు వృత్తిపందెగాండ్రకును తెరచిరి.

మన దేశమునుండి సైకిలు జట్టు 1948లో లండను ఒలింపిక్సునకు పోయినది. ముంబయినుండి పుణెకు పోవు పందెము మన దేశపు పందెములలో పేరెన్నికగన్నది. అందు బోర్ ఘాటు నెక్కి ఖండాలా, లోనావాలాలమీదుగా పోవలెను. ఆ ఘాటును ముందుగా ఎక్కినవానికి ఘాటురాజు అని ప్రత్యేక బహుమానము కలదు. మొత్తము పందెము గెలువలేనివాడును ఆ యొక్క బిరుదుకై ప్రాణమొడ్డి తొక్కును. మేము ఈ సంగతులను పత్రికలలో చదివితిమి. చదివిననాటినుండియు, ఎదురుగాలిని జయించిన మాకు కొండ యొక లెక్కా యను గర్వము మనస్సున నాటుకొన్నది.

ఆ గర్వము మా యౌవనమున మమ్ము రాయలసీమలోని ఒక ఘాటుదారి పందెమునకు తీసికొనిపోయినది. పేరు నమోదు చేయించుకొన్న పిదప మా ఊరి సైకిలుషాపు యజమానివద్దకు పోయితిమి. ఆయన మాకంటె ఇరువదియేండ్లు పెద్ద. సంగతి విని ఆయన మొదట అడిగిన ప్రశ్న, ఆ కొండ యెత్తెంత యని కాదు, వెనుక ఫ్రీవీలుకు పళ్లు ఎన్ని యని. మా బండికి ముందుచక్రపు పళ్లు 48, వెనుక ఫ్రీవీలు పళ్లు 18.

ఆయన మాటలోని ఆంతర్యమును శ్రోతలకు లెక్కతో చెప్పెదము. 48ని 18తో భాగింప 2.67 వచ్చును. అనగా పెడలు ఒక్కమారు తిరిగిన వెనుకచక్రము రెండు చుట్లకు పైగా తిరుగును. మన పెద్దసైకిలు చక్రపు చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. కావున ఒక్క తొక్కుడునకు బండి 5.9 మీటర్లు పోవును. చదునునేలపై ఇది లాభమే. నూరు మీటర్లకు ఆరు మీటర్లు లేచు కొండపై మాత్రము, ఆ ఒక్క తొక్కుడులోనే మనిషిని, బండిని కలిపి 80 కిలోల బరువును 35 సెంటీమీటర్లు పైకెత్తవలెను. చదునుదారిలో తీరికగా పోవునపుడు కాలు మోపవలసిన బలమునకు ఇది సుమారు నాలుగింతలు. 600 మీటర్ల యెత్తును ఒక గంటలో ఎక్కవలెనన్న, గాలిని, టైరురాపిడిని లెక్కలోనికి తీసికొనకున్నను, 130 వాట్ల శక్తిని ఎడతెగక ఇచ్చుచుండవలెను. ఎదురుగాలికిని కొండకును భేదము ఇక్కడనే యున్నది. వేగము తగ్గించినంతట గాలి జాలి తలచి తేలికపడును. కొండకు ఆ జాలి లేదు. మెల్లగా పోయినను ఎత్తవలసిన బరువు ఎత్తవలసినదే.

ఫ్రాన్సుదేశమున సెంతెత్యెన్ నగరవాసి పాల్ ద వివీ అను నతడు ఈ లెక్కను గ్రహించి, ఇరువదవ శతాబ్ది ఆరంభమునుండియే ఒకే సైకిలుకు పలు గేర్లుండవలెనని వాదించెను. కాని దెగ్రాంజ్ గేర్లు బలహీనులకు మాత్రమే తగునని భావించెను. ఆ పందెమున పందెగాండ్రు కొండ అడుగున సైకిలు ఆపి, వెనుకచక్రమును ఊడదీసి త్రిప్పి, రెండవప్రక్కనున్న పెద్ద పళ్లచక్రమునకు చైను తగిలించుకొనెడివారు. 1937లో గాని అచ్చట చైనును మార్చు గేరును అనుమతింపలేదు. మా షాపు యజమానికి ఈ చరిత్ర తెలియదు. అయినను పట్టణమంతయు గాలించి 22 పళ్ల ఫ్రీవీలును తెచ్చి మా బండికి బిగించెను. దానితో కాలిపై బరువు నూటికి 18 వంతులు తగ్గును. ఆయన దానికి కూలి పుచ్చుకొనలేదు. తిరిగి వచ్చి కొండ సంగతి చెప్పినచో చాలుననెను.

పందెమునకు ముందు కొండ యెక్కుట అలవాటు చేసికొనవలెనని, పడమట వెలికొండలలోని రాపూరు–చిట్వేలి ఘాటుకు రెండుమారులు పోయితిమి. ఆ దారిలోనే మాకు మొదటి పాఠము తెలిసినది. కొండను మొదటి అరగంటలో గెలువ యత్నించినవాడు పిమ్మటి గంటలో ఓడును. దిగుటలో మరియొక పాఠము. కడ్డీబ్రేకులు నొక్కినకొలది రబ్బరు కాలినవాసన వచ్చెడిది. మలుపు ముందుగానే వేగము తగ్గింపక, మలుపులో బ్రేకు పట్టినవాని గతి లోయవైపునకే.

పందెపు దినమున సుమారు ముప్పదిమందిమి బయలుదేరితిమి. కొందరివి సన్నని టైర్లు, వంకరహ్యాండిళ్లు, గేర్లు గల తేలిక సైకిళ్లు. మావంటివారివి పాలసైకిళ్లే. మొదటి మైదానమున మేము ముందరివారి నడుమనే యుంటిమి. ఎదురుగాలికి తల దించి తొక్కుట మాకు పుట్టుకతో వచ్చిన విద్య. కొండ అడుగు వచ్చినది. పది కిలోమీటర్ల యెక్కుడు. మొదటి మలుపు, రెండవ మలుపు దాటితిమి. మూడవ మలుపునకు ఊపిరి గొంతులో చిక్కినది. తొడలు రాళ్లవలె బిగిసినవి. తేలిక సైకిళ్లవారు సన్నని చప్పుడు చేయుచు మమ్ము దాటిపోయి మలుపులో మాయమైరి. నాలుగవ మలుపువద్ద మా ముందుచక్రము ఇటునటు తూలి, బండి నిలిచిపోయినది. మేము దిగితిమి.

దిగి నిలుచుండగా వెనుకనుండి ఒక పెద్దాయన సైకిలు త్రోసికొనుచు వచ్చెను. పందెగాడు కాడు. బండికి రెండుప్రక్కల పాలడబ్బాలు వ్రేలాడుచున్నవి. అవి ఖాళీవి, క్రింది ఊరిలో పాలుపోసి కొండమీది పల్లెకు మరలుచున్నాడు. మా ఎదపై కట్టిన అంకెను చూచెను. "దిగి నడువు నాయనా, కొండ యాడికీ పోదు" అనెను. మేము తల దించుకొని ఆయన ప్రక్కన నడచితిమి. ప్రతిదినము ఆ దారిలో నడుచునట. ఎక్కడ నీడ కలదో, ఎక్కడ వాలు కొంత తగ్గునో, ఎక్కడ మరల ఎక్కి తొక్కవచ్చునో ఆయనకు తెలియును. ఆయన చెప్పిన చోట మేము సైకిలెక్కితిమి. ఆ విధముగా కొంత తొక్కి, కొంత నడచి శిఖరము చేరితిమి. పిమ్మట దిగి, మైదానములో శక్తికొలది తొక్కి, వెనుకనుండి మూడవవారముగా గమ్యము చేరితిమి. హెన్లీవారి పాతనిబంధన ప్రకారము చూచిన, ఆనాడు కొండమీద మాకు దారి చూపిన ఆ పెద్దాయన అమెచ్యూరు కాడు. ఊపిరాడక నిలిచిన మేము అమెచ్యూర్లము.

ఇంతవరకు చెప్పుటకు మాకు సిగ్గులేదు. సిగ్గుపడవలసినది దీని తరువాతిది. ఊరికి రాగానే షాపు యజమాని యెదురువచ్చి, "ఎక్కడన్నా దిగావా అబ్బయ్యా?" యని అడిగెను. చుట్టును పదిమంది మూగి యుండిరి. మేము దిగలేదంటిమి. ఆయన ముఖము వెలిగినది. 22 పళ్ల ఫ్రీవీలు కొండ నెక్కినదని ఊరందరికి చెప్పుకొనెను. మాట చిన్నదే. దానిని మరచిపోదుమనుకొంటిమి.

మరుసటి యేడు మా ఊరి పిల్లవాడొకడు అదే పందెమునకు పోయెను. మాకంటె వయస్సున చిన్న, బలమున మిన్న. ఆయన వాని బండికిని 22 పళ్ల ఫ్రీవీలునే బిగించెను. అంతకంటె పెద్దది దొరకునా యని వెదకలేదు. వెదకవలసిన అవసర మేమున్నది? మేము దిగక ఎక్కితిమి గదా! పిల్లవాడు సైతము మేమెక్కిన కొండను తాను దిగి ఎక్కుట అవమానమని తలచి, దిగవలసిన చోట దిగక, మొండిగా తొక్కెను. మోకాలు బెణికినది. పందెము ముగింపక లారీలో ఇల్లు చేరెను. పిమ్మట పందెముల మాటయే యెత్తలేదు. తనలో బలము లేదని వాడు నిశ్చయించుకొనెను. మేము చూచుచు ఊరకుంటిమి.

పెక్కేండ్లు గడచిన పిమ్మట, తూర్మలె తంతివృత్తాంతమును మొదటిమారు చదివిన దినమున, పుస్తకము మూసి లేచితిమి. మంచులో దారితప్పినవాడు దారి బాగున్నదని తంతి యిచ్చెను. ఆ తంతిని నమ్మి ఇతరులు ఆ దారిన పోయిరి. మేము చేసినదియు అదియే. స్టెయినెస్ చేసినదానివలన ఒక గొప్ప పందెము పుట్టినదని చరిత్రకారులు నవ్వుచు చెప్పుదురు. మావలన పుట్టినది ఒక పిల్లవాని మోకాలినొప్పి.

షాపు యజమానివద్దకు పోయితిమి. అప్పటికాయన వృద్ధుడు, కొడుకు షాపు చూచుకొనుచుండెను. ఉన్నమాట చెప్పితిమి. కోపపడునని యెదురుచూచితిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, "ఎన్నో మలుపు కాడ దిగావు?" అని యడిగెను. నాలుగవదంటిమి. "అట్లయితే ఇంకో రెండు పళ్లు ఉండాల్సింది. అప్పుడే చెప్పుంటే ఇరవైనాలుగుది తెప్పించుండేవాణ్ణి" అనెను. మరల కొంత ఆలోచించి, "నాకు చెప్పడం కాదబ్బయ్యా, ముందు ఆ పిల్లోడికి చెప్పు" అనెను.

ఆ పిల్లవాడు అప్పటికి నడివయస్సువాడై నెల్లూరులో ఉద్యోగము చేయుచుండెను. ఇంటికి పోయి చెప్పితిమి. అతడు నవ్వలేదు, మమ్ము నిందింపనులేదు. చాలసేపటికి, "నేనూ నాలుగో మలుపు కాడే దిగాలనుకున్నానన్నా" అనెను. ఆ మాట మాకు నేటికిని వినబడుచుండును. ఇద్దరము ఒకే చోట ఒకే కొండచేత నిలుపబడితిమి. మేము నిజము చెప్పియుండిన, అతడు దిగి, ఊపిరి పీల్చుకొని, నడచి, మరల ఎక్కి యుండెడివాడు. మాకంటె ముందే గమ్యము చేరియుండెడివాడు.

నేడు కొండదారి పందెములకు సాధనములు ఎన్నియో మారినవి. వెనుక పది, పన్నెండు పళ్లచక్రములున్న సైకిళ్లు మన పట్టణములలో దొరకుచున్నవి. 2008 నుండి నీలగిరులలో జరుగు సైకిలుయాత్రలో మసినగుడినుండి కల్హట్టి దారిన 36 మలుపులు ఎక్కి ఉదకమండలము చేరుదురు. ఆ మలుపులవద్ద గేర్లున్న సైకిళ్లవారు సైతము పలువురు దిగి నడుతురు. ఎవరును దానిని దాచరు. దిగినవాడు దిగితినని చెప్పుట వెనుకవానికి మేలు. కొండ యెంత నిటారో, ఎక్కడ శ్వాస తెగునో, ఎన్ని పళ్లు చాలునో, ఆ మాటవలననే తెలియును. చరిత్రయు అట్టిదే గదా! ముందు పోయినవారు తాము ఎక్కిన యెత్తును మాత్రమే చెప్పి, నడచిన దూరమును దాచినచో, వెనుక వచ్చువారికి ఆ దారి పనికిరాదు. లపీజ్ నడచెననియు చరిత్ర వ్రాసియుంచినది గనుకనే, గెలిచినవాడును నడచునని మనకు తెలిసినది.

మేమిప్పటికిని విడవలూరునుండి నెల్లూరునకు అప్పుడప్పుడు సైకిలుమీదనే పోదుము. మధ్యాహ్నము మరలునపుడు గాలి యెదురుగనే వచ్చును. వయస్సు మీరినది గనుక కోవూరు దాటిన పిమ్మట ఒకటి రెండు చోట్ల దిగి, చెట్టునీడను నిలిచి, మరల ఎక్కుదుము. ఇంటివద్ద ఎవరైనను దారిలో దిగితిరా యని యడిగినచో, ఎక్కడెక్కడ దిగితిమో చోటు పేరుతోసహా చెప్పుచున్నాము.